ఎక్స్‌రేలో కనిపించే మందు పూసలు: మా నాయిన చికిత్సలో చూసినది

మా నాయిన కాలేయంలో గడ్డ ఉన్నదని నల్లగొండలో తీయించిన స్కానింగులో తేలింది. కోసి తీసివేస్తే మిగిలే కాలేయం సరిపోదని చెప్పి, హైదరాబాదులోని ఒక ఆసుపత్రి వారు టేస్ (TACE) అనే చికిత్స సూచించారు. తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టాన్ని కాలేయ ధమని కొమ్మ దాకా పంపి, అక్కడే మందు వదిలి, గడ్డకు రక్తం అందకుండా చేస్తారు. కాలేయానికి దాదాపు ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర నుంచి వస్తుండగా, గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదనే ఆధారపడుతుంది కనుక, మిగతా కాలేయానికి పెద్దగా దెబ్బ తగలదు.

పాత పద్ధతిలో మందును లిపియోడాల్‌తో కలుపుతారు. అది గసగసాల నూనెకు అయోడిన్ చేర్చి చేసినది (గసగసాలకు మాంసం కూరలో తప్ప వేరే పని ఉంటుందని నేననుకోలేదు). కొత్త పద్ధతిలో మందును పీల్చుకున్న సన్నని పూసలను వదులుతారు, అవే రక్తనాళాన్ని మూసేస్తాయి. మామూలు పూసలు ఎక్స్‌రేలో కనిపించవు. వాటితో కలిపిన కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) రక్తంలో కొట్టుకుపోయాక అవి ఎక్కడ ఆగాయో అంచనా వేసుకోవలసిందే. మేము ఒప్పుకున్న పూసలలో ఎక్స్‌రేలో కనిపించే అయోడిన్ పూసలోనే ఇమిడి ఉంటుంది కనుక, అవి ఆగినచోటే కనిపిస్తాయి. వైద్యుడు చూపిన సీసాలో, డోక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును పీల్చుకుని పూసలు ముదురెరుపు రంగుకు తిరిగి అడుగున పేరుకోగా, పైన ద్రవం రంగు వెలిసిపోయి ఉంది.

చికిత్స మరునాటి సీటీ స్కానులో గడ్డ నిండా తెల్లని చుక్కలు, కింది అంచున మాత్రం ఖాళీ కనిపించాయి. "పెద్దాయనా, ఇక్కడికి మందు చేరలేదు" అని వైద్యుడు వేలు పెట్టి చూపారు. నెల తరువాత గడ్డలో ప్రాణమున్న భాగం సరిగ్గా అక్కడే మిగలడంతో, రెండోసారి ఆ కొమ్మకే గురిపెట్టారు. పెట్టిన డబ్బుకు ఫలితం నాకు కనిపించింది ఇక్కడే. ఈ పూసల వల్ల ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేదు.

ఆసుపత్రి తీరు మాత్రం నచ్చలేదు. పూసల ధర చికిత్స నాటి ఉదయం చెప్పారు, సంతకం పెట్టించుకున్న పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. ఇటువంటి చికిత్స తరువాత జ్వరం, కడుపునొప్పి, వాంతులు రావడం సాధారణమే అయినా ఆ మాట ముందుగా చెప్పకపోవడంతో, ఇంటికి వస్తుండగా నార్కట్‌పల్లి దగ్గర నాయినకు వణుకు మొదలైనప్పుడు కారు ఆపి, ఎవరూ ఎత్తని నంబరుకు నాలుగుసార్లు ఫోను చేశాము.

ఈ పూసలకు ఒప్పుకునే ముందు, ఇంటికి పంపేలోగా సీటీ తీస్తారా అని అడగండి. తీయనంటే అదనపు డబ్బు పెట్టకండి.