ఒక్క గది కథా, ఏడు రాజ్యాల కథా: ఏది మేలు?

"ఓటీటీలో మంచి సీరీస్ ఏదైనా చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: నీకు ఖాళీ ఎంత ఉంది? నాకు రెండు రకాలూ ఇష్టమే. మనిషి బుర్రలో ఏముందో తవ్వి తీసే సైకలాజికల్ థ్రిల్లర్ ఒకటి. రాజులు, డ్రాగన్లు, తరాల పగలు ఉండే ఎపిక్ ఫాంటసీ ఇంకొకటి. ఏ జానర్ గొప్పదని గాల్లో వాదించుకుంటే ఎప్పటికీ తెమలదు కాబట్టి, ఒక్కోదాని తరఫున ఒక్కో సీరీస్‌ని నిలబెడదాం. థ్రిల్లర్ల వైపు నుంచి హాలీవుడ్ దర్శకుడు డేవిడ్ ఫించర్ దగ్గరుండి తీయించిన 'మైండ్‌హంటర్'. ఫాంటసీ వైపు నుంచి ఇంకేముంటుంది, ఏడు రాజ్యాల సింహాసనం కోసం వంశాలు కొట్టుకునే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'. స్పాయిలర్లుంటాయి, ముందే చెప్తున్నా.

లెక్కల్లో చూస్తే పోటీయే లేదు. 'మైండ్‌హంటర్' 2017లో 10 ఎపిసోడ్లు, 2019లో 9, అంతే. గట్టిగా కూర్చుంటే రెండు వీకెండ్లలో అయిపోతుంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 2011 నుంచి 2019 దాకా నడిచింది. 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రికొకటి చొప్పున చూస్తే రెండున్నర నెలలు పడుతుంది. పైగా మొదటి రెండు మూడు ఎపిసోడ్లు ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చుకోవడానికే సరిపోతాయి. గడ్డాలవాళ్ళందరూ ఒకేలా కనిపిస్తారు. (భారతం వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి ఎవరి కొడుకెవరు, ఎవరి పగ ఎవరి మీద అన్నది గుర్తుపెట్టుకోవడం మనకి మరీ అంత కష్టం కాదు. నాలుగో ఎపిసోడ్‌కల్లా దారిలో పడతాం.)

రెండిటి స్వభావం తెలియాలంటే టైటిల్స్ చూస్తే చాలు. స్కిప్ ఇంట్రో నొక్కకండి. 'గేమ్'లో ఒక పెద్ద మ్యాప్ మీద కెమెరా ఎగురుతుంటుంది, పళ్ళచక్రాలు తిరుగుతూ కోటలు నేలలోంచి పైకి లేస్తాయి. కథ ఎక్కడెక్కడికి వెళ్తుందో దాన్ని బట్టి ఆ మ్యాప్‌లో ఊళ్ళు మారుతుంటాయి. 'మైండ్‌హంటర్'లో రెండు చేతులు ఒక టేప్ రికార్డర్‌ని సర్దుతుంటాయి. టేపు ఎక్కించడం, వైరు గుచ్చడం, బటన్ నొక్కడం. మధ్యమధ్యలో రెప్పపాటు కాలం శవం బొమ్మ ఒకటి మెరిసి పోతుంది. నిజంగా చూశామా, అనిపించిందా అని అనుమానం వస్తుంది.

ఆ టేపులోకి ఎక్కే మాటల్లోనే ఉంది అసలు టెన్షన్ అంతా. 1970ల చివరి రోజులు. హోల్డెన్ ఫోర్డ్, బిల్ టెంచ్ అనే ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు జైళ్ళ చుట్టూ తిరిగి, వరుస హత్యలు చేసినవాళ్ళ ఎదురుగా కూర్చుని, ఎందుకు చేశావు, ఎలా చేశావు అని అడిగి రికార్డు చేస్తుంటారు. ఏజెంట్ల పేర్లు కల్పితం. ఖైదీల్లో చాలామంది మాత్రం నిజం మనుషులు, అసలు పేర్లతోనే కనిపిస్తారు. హత్యల్ని తెరమీద దాదాపు చూపించరు. ఒక గది, ఒక బల్ల, రెండు మూడు కుర్చీలు. ఆ హంతకుల్లో ఒకడైన ఎడ్ కెంపర్‌గా వేసిన కామెరాన్ బ్రిట్టన్‌ని చూడాలి. ఎంత పెద్ద మనిషో, గొంతు అంత మెత్తన. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ గురించి వివరించే బ్యాంకు ఉద్యోగిలా తను చేసిన ఘోరాలు వివరిస్తాడు. ఎగ్ సలాడ్ శాండ్‌విచ్ తింటావా అని మర్యాద కూడా చేస్తాడు.

మొదటి సీజన్ చివర్లో కెంపర్ ఆసుపత్రిలో ఉంటే హోల్డెన్ ఒక్కడే చూడ్డానికి వెళ్తాడు. మాటల మధ్యలో కెంపర్ మంచం దిగుతాడు. హోల్డెన్‌కీ తలుపుకీ మధ్య వచ్చి నిలబడతాడు. ఇప్పుడు నిన్నేం చేసినా నన్ను ఆపేవాళ్ళు లేరు సుమా అని నింపాదిగా గుర్తుచేసి, దగ్గరికి లాక్కుని కౌగిలించుకుంటాడు. కత్తి లేదు, కేక లేదు. హోల్డెన్ విడిపించుకుని కారిడార్‌లోకి పరుగెత్తి, ఊపిరాడక కుప్పకూలిపోతాడు. వీళ్ళ మనసులు నాకు అర్థమైపోయాయని సీజన్ పొడుగునా విర్రవీగిన కుర్రాడు! ఆ కౌగిలింత చూశాక వచ్చిన వణుకు నాకు ఏ డ్రాగన్ నిప్పులు కక్కినా రాలేదు.

అలాగని 'గేమ్'కి భయపెట్టడం రాదని కాదు. మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో, హీరో అనుకున్న నెడ్ స్టార్క్ తల తీసేస్తారు. పోస్టర్ మీద సింహాసనం ఎక్కి కూర్చున్నది ఆయనే. మన సినిమా అయితే కత్తి లేచే లోపు ఎవడో ఒకడు గుర్రమేసుకుని వచ్చేస్తాడు. ఇక్కడ ఎవరూ రారు. మూడో సీజన్‌లో పెళ్ళి విందు సంగతి ఇంకా దారుణం. తలుపులు మూసుకుంటాయి. వాద్యాలవాళ్ళు పాట మారుస్తారు. నెడ్ భార్య కేట్లిన్ పక్కన కూర్చున్నవాడి చొక్కా చేతిని పైకి తీసి చూస్తుంది, కింద ఇనుప కవచం ఉంటుంది. చుట్టాలింటి భోజనానికి ఎవరైనా కవచం తొడుక్కుని వస్తారా? ఆమెకి అర్థమైన క్షణంలోనే మనకీ అర్థమవుతుంది. ఆ తర్వాత పడే కత్తిపోట్లకన్నా ఆ ఒక్క చూపే ఎక్కువ భయపెడుతుంది.

ఇప్పుడు గమనించండి. ఆ సీన్‌లో డ్రాగన్ లేదు, మంత్రం లేదు. ఒక గది, మూసిన తలుపు, మనసులో ఏదో పెట్టుకుని నవ్వుతున్న మనుషులు. నన్నడిగితే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' బాగున్నన్నాళ్ళూ అది రాజుల వేషం వేసుకున్న సైకలాజికల్ థ్రిల్లరే. ఒక పెద్దింటి చిన్న కొడుకు టిరియన్ ఎవరితోనో మందు తాగుతూ మాట్లాడే సీన్లు, తండ్రి టైవిన్ ముందు పిల్లలు ముగ్గురూ ముడుచుకుపోయే సీన్లు మళ్ళీ మళ్ళీ చూస్తాం. యుద్ధాలు ఎన్నిసార్లు చూస్తాం?

చివరి సీజన్లలో ఆ గదులు తగ్గి గ్రాఫిక్స్ పెరిగాయి. మొదటి ఎపిసోడ్‌లో రాజు పరివారం ఉత్తరాదికి రావడానికి నెల రోజులు పట్టిందని రాణి విసుక్కుంటుంది. అందుకే ఆ లోకం అంత పెద్దదని నమ్మాం. ఏడో సీజన్‌కి వచ్చేసరికి, ఉత్తరపు సరిహద్దు గోడ అవతల మంచులో చిక్కుకున్నవాళ్ళ కబురు కాకి మోసుకెళ్ళడం, అది అందుకుని, సింహాసనం నాదేనంటూ వచ్చిన డెనేరిస్ డ్రాగన్ల మీద వచ్చి వాలడం, అంతా ఒక రాత్రిలో జరిగినట్టుంటుంది. అంతకుముందు సీజన్‌కి 10 చొప్పున ఉన్న ఎపిసోడ్లు చివర్లో 7కి, 6కి తగ్గాయి. ఈ కథకి మూలమైన నవలలు రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అయిదో నవల 2011లో వచ్చింది, ఆరోది రాకముందే సీరీస్ నవలల్ని దాటేసింది. దాంతో ఏళ్ళ తరబడి నిదానంగా పెంచిన డెనేరిస్ పాత్ర ఒక గంట మోగగానే ఊరు తగలబెట్టే మనిషిగా మారిపోయింది. మారకూడదని కాదు నా గొడవ. ఆ మార్పుని ఆమె మనసులోంచి చూపించే తీరిక వాళ్ళకి లేకపోయింది. సరిగ్గా థ్రిల్లర్ పనితనం అవసరమైన చోట చేతులెత్తేశారు.

ముగింపు దగ్గరే నేను గట్టిగా ఒక వైపుకి మొగ్గుతాను. 'మైండ్‌హంటర్' నిజానికి ముగియనే లేదు. ఖర్చు ఎక్కువ, చూసేవాళ్ళు అందుకు తగ్గట్టు లేరని ఆగిపోయింది. మూడో సీజన్ రాదని 2023లో ఫించరే చెప్పేశాడు. ఎపిసోడ్ల మొదట్లో మీసాలవాడొకడు కనిపించి పోతుంటాడు, వాడి కథ తేలనే లేదు. అయినా నాకు పెద్దగా లోటు అనిపించలేదు. ఆ పాత్రకి ఆధారమైన నిజం మనిషి పోలీసులకి దొరికింది 2005లో. రెండో సీజన్‌లో అట్లాంటా పిల్లల హత్యల కేసు కూడా అంతే. పట్టుబడిన వేన్ విలియమ్స్‌కి శిక్ష పడింది ఇద్దరు పెద్దవాళ్ళ హత్యలకే, పిల్లల తల్లులకి మాత్రం జవాబు దొరకలేదు. తేలకపోవడమే అక్కడ కథ. సగంలో ఆగినా థ్రిల్లర్ చూపించాల్సింది చూపించేసింది.

ఫాంటసీకి ఆ వెసులుబాటు లేదు. రాజెవరవుతాడన్న ప్రశ్నతో ఇన్నేళ్ళు కూర్చోబెట్టాక జవాబు కుదరకపోతే వెనకటి సీజన్ల రుచి కూడా చెడుతుంది. అసలు ముగింపు దాకా రానివాళ్ళ సంగతి సరేసరి. 14 నవలల మీద ఆధారపడ్డ 'ది వీల్ ఆఫ్ టైమ్'ని 2025లో మూడు సీజన్లకే ఆపేశారు. అందులో లీనమైనవాళ్ళు ఇప్పుడేం చేయాలి? 'గేమ్'కి ముందు తరాల కథ 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' 2022లో ఒక సీజన్, 2024లో ఒకటి వేసింది. ఆ విరామంలో పేర్లన్నీ మర్చిపోయి మళ్ళీ రీక్యాప్ వీడియోలు వెతుక్కోవాల్సి వచ్చింది. అందరివీ ఒకేలాంటి పేర్లాయె.

థ్రిల్లర్లలోనూ సాగదీతకేం తక్కువ లేదు. 'యూ' మొదటి సీజన్ హాయిగా చూడొచ్చు. తర్వాత, అమ్మాయిల వెంటపడి చంపే ఆ కుర్రాడు ఊరు మారుస్తాడు, అమ్మాయిని మారుస్తాడు, పద్ధతి మార్చడు. అయిదు సీజన్లు తీశారు.

ఒక్క విషయంలో మాత్రం ఫాంటసీదే పైచేయి. దాన్ని పదిమందితో కలిసి చూడొచ్చు. 2019లో 'గేమ్' చివరి సీజన్ మనకి సోమవారం పొద్దున్న 6:30కి వచ్చేది. ఆఫీసుకి వెళ్ళేలోపు చూడకపోతే వాట్సాప్ తెరవాలంటే భయం. క్యాంటీన్‌లో వాదనలు, పందాలు. 'మైండ్‌హంటర్' చూసి ఎవరితో మాట్లాడతాం? భోజనాల దగ్గర ఎత్తే టాపిక్ కాదు. ఇంట్లో అందరితో కూర్చుని చూడ్డానికి మాత్రం ఈ రెండూ పనికిరావు. 'గేమ్' అయితే రిమోట్ చేతిలోంచి దించే వీలే ఉండదు. అమ్మానాన్నలతో చూడాలంటే 'ది రింగ్స్ ఆఫ్ పవర్' ఉంది, తెలుగు డబ్బింగ్‌లోనూ దొరుకుతుంది. నడక నెమ్మది, కళ్ళకి పండగ. మరీ చిన్నపిల్లలు ఓర్క్‌లనే రాక్షసుల్ని చూసి జడుసుకోవచ్చు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా ఓటు థ్రిల్లర్‌కే. 'గేమ్' చూసి తీరాలంటే నాలుగు సీజన్ల దాకా కళ్ళు మూసుకుని వెళ్ళండి, ఆపైన మీ ఓపిక. ముగింపు లేని కథ నావల్ల కాదు అనేవాళ్ళు 'మైండ్‌హంటర్' బదులు 2018లో వచ్చిన 'షార్ప్ ఆబ్జెక్ట్స్' పెట్టుకోండి. 8 ఎపిసోడ్లలో పూర్తిగా ముగుస్తుంది. చివరి ఎపిసోడ్‌లో పేర్లు పడటం మొదలయ్యాక టీవీ కట్టేయకండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.