బరంపురం నుంచి గోవా టెక్నో రాత్రులకు: ₹1,500 టికెట్టు, తోలుచెప్పులు, నల్ల బట్టలు

గోవాలోని అంజునా పక్క ఒక క్లబ్బుకి మనిషికి ₹1,500 చొప్పున నలుగురికి ₹6,000 ఆన్‌లైన్‌లో ముందే కట్టాం. తలుపు దగ్గర బావ తోలుచెప్పులు చూసి ఆపేశారు. బావ స్నేహితుణ్ణి ‘ఒంటరి మగవాడు’ అని పక్కకి నిలబెట్టి, ఇంకో ₹2,000 కడితేనే లోపలికి అన్నారు. టికెట్టు మీద చెప్పుల మాట లేదు, ఒంటరి మగవాళ్ల రేటు లేదు. అడుగున చిన్నక్షరాల్లో ‘ప్రవేశం యాజమాన్యం ఇష్టం’ అన్న ముక్క ఒక్కటే ఉంది. దాన్నే వేలు పెట్టి చూపించి, డబ్బు వెనక్కి రాదని తేల్చేశారు. అక్క ఆ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి కుర్రకారు గోవా ప్రయాణాలు కట్టడం చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

పోస్టరు మీద ‘అండర్‌గ్రౌండ్ టెక్నో’ అని వేసుకున్న చోట ఇలా జరగడమే అసలు అన్యాయం. టెక్నో అంటే యంత్రాల దరువు మీద నడిచే ఎలక్ట్రానిక్ నాట్య సంగీతం. దానికి 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో రూపం ఇచ్చింది జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే నల్లజాతి యువకులు. 1989లో బెర్లిన్ గోడ కూలాక అది ఆ నగరంలో ఖాళీగా పడున్న కట్టడాల్లోకి చేరింది. 1991లో మొదలైన ట్రెజోర్ క్లబ్బు నడిచింది ఒక పాత దుకాణ భవనం కింది ఖజానా గదిలో. అలాంటి చోట ఇస్త్రీ చొక్కాతో పనేముంది? నలుపు ఎందుకు స్థిరపడిందంటే, చెమట మరక కనపడదు, దుమ్ము గోడకి ఆనుకున్నా బెంగలేదు, ఎవరి బట్ట ఖరీదెంతో చీకట్లో తెలీదు. పాత విద్యుత్ కేంద్రంలో 2004లో తెరిచిన బెర్గైన్ అనే బెర్లిన్ క్లబ్బు కూడా తలుపు దగ్గర చాలామందిని తిప్పి పంపుతుంది, నిజమే. కానీ మెరిసే బూట్లు అక్కడ సిఫార్సు కాదు. లోపలికి వెళ్లేవాళ్ల ఫోన్ కెమెరాల మీద స్టిక్కర్ అంటిస్తారు. ఎవరూ ఫొటో తీయరన్న నమ్మకం ఉంటేనే మనిషి తనకిష్టమైన బట్టలో, తనకిష్టమైనట్టు ఆడగలడు. ఈ సంగీతం చుట్టూ అల్లుకున్న బట్టల పద్ధతికి ఆ నమ్మకమే అండ.

గోవా దారి వేరు. అక్కడ టెక్నో కన్నా ముందు పాతుకున్నది ట్రాన్స్ అనే ఇంకో రకం ఎలక్ట్రానిక్ సంగీతం. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చి అంజునాలో స్థిరపడ్డ గోవా గిల్ లాంటివాళ్ల చుట్టూ పెరిగింది. ఎండకి గ్రామఫోను రికార్డులు వంకర్లు పోతాయని డీజేలు డ్యాట్ అనే చిన్న డిజిటల్ టేపుల మీద వాయించేవారు. టెక్నో నిమిషానికి 125 నుంచి 140 దరువుల మధ్య నడిస్తే, గోవా ట్రాన్స్ 140 దాటి 150 దాకా పోతుంది. బట్టలూ దానికి తగ్గట్టే. అల్ట్రావయొలెట్ దీపాల కింద వెలిగే నారింజ, పచ్చ రంగులు, వదులు పైజామాలు. ట్రాన్స్ రాత్రికి నల్ల బట్టల్లో వెళ్తే ఎవరూ ఏమీ అనరు. టెక్నో చీకటి గదిలో మాత్రం ఫ్లోరసెంట్ చొక్కా అందరి కళ్లకీ అడ్డం. ఇంకో సంగతి: మామూలు తెల్ల బనీను కూడా ఆ దీపాల కింద నీలంగా వెలుగుతుంది, సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే పదార్థం వల్ల. తెలుపు వేసుకుని మూలన కనపడకుండా నిలబడాలంటే కుదరదు.

బట్టలు గోవాలో కొనకండి. అంజునా బుధవారం సంతలో ₹900 చెప్పిన నల్ల పైజామా లాంటిది మన బరంపురం బడా బజారులో ₹350కి వస్తుంది. పలచని నూలు చొక్కాలు రెండు తీసుకెళ్లండి. అర్ధరాత్రికి ఒకటి తడిసి ముద్దవుతుంది, ఏసీ దగ్గర ఆ తడితో నిలబడితే వణుకు ఖాయం. కొత్త నల్ల బట్టని రెండుసార్లు విడిగా ఉతకండి, లేకపోతే చెమటకి రంగు ఒంటికి దిగుతుంది. కాళ్లకి పాత కాన్వాసు బూట్లు మేలు. చెప్పులు నామర్దా అని కాదు, నేల మీద పగిలిన సీసా ముక్కలుంటాయి, పక్కవాళ్లు తొక్కుతారు. ఫోను, అసలు గుర్తింపు కార్డు నడుముకి కట్టే సంచిలో పెట్టుకోండి. గోవాలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి, కార్డు అడుగుతారు.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ శబ్దం దగ్గర ఎనిమిది గంటలు భరించే చెవికి 100 దగ్గర పావుగంటే సురక్షితం. స్పీకర్ల ముందు 100 సులువుగా దాటుతుంది. చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గుల జత ₹30కి దొరుకుతుంది. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోవాలి. చివర మాత్రమే దూర్చి వదిలేస్తే పెట్టనట్టే.

మర్నాటి రాత్రి వెళ్లిన చిన్న చోటు మా ప్రయాణాన్ని నిలబెట్టింది. మనిషికి ₹700, ఆడా మగా ఒకటే రేటు. బావ అవే చెప్పులతో వెళ్లాడు. తలుపు దగ్గరమ్మాయి నవ్వుతూ ఫోన్ల మీద స్టిక్కర్లు అంటించి, ‘ఎవరి ఒంటి మీదా చెయ్యి పడకూడదు, ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు చెప్పండి’ అంది. తాగునీళ్లు ఉచితం. ఆరుబయట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద నియమాలు చెప్తాయి కాబట్టి సరిగ్గా పదికి తోటలో పాట ఆపి, మూసిన హాల్లో మొదలెట్టారు. అక్క తెల్లారేదాకా ఆడింది. ఆ హాలు బయట ఒకడు మాత్రలు అమ్మజూపాడు. ఆ జోలికి పోకండి, మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద చిన్న మొత్తమైనా నేరమే.

బస అంజునా ఊరి లోపల, గదికి ₹1,800, ఇంటామె మంచిది, గేటు తాళం మాకే ఇచ్చింది. బీచి పక్కన ₹3,500 గదులకి రాత్రంతా బాస్ అదురు తప్ప అదనంగా ఏమీ లేదు. స్కూటరు రోజుకి ₹400. నల్ల పలక మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి, తెల్ల పలకవి అద్దెకి తిప్పడం చట్టవిరుద్ధం, పోలీసులు ఆపితే ఇబ్బంది మీకే.

టికెట్టు కొనేముందు నిర్వాహకులకి వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు రాసి పంపండి: చెప్పులకి అభ్యంతరమా, ఒంటరి మగవాడికి రేటెంత, తిప్పి పంపితే డబ్బు ఇస్తారా. జవాబు రానిచోట కట్టకండి.

షాలిమార్ నుంచి వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఆగుతుంది, రోజూ ఉండదు. మడ్‌గావ్‌లో దిగితే టాక్సీ అంజునాకి ₹2,400 అడిగింది. పణజి, మాపుసా మీదుగా మూడు బస్సులు మారితే మనిషికి ₹130 లోపే. తిరుగు బండి వాస్కో నుంచి పొద్దున్నే కదులుతుంది. ఆ ముందు రాత్రికి పార్టీ పెట్టుకోకుండా, సాయంత్రానికే మడ్‌గావ్ చేరి అక్కడ గది తీసుకోండి.