సీలో వైడ్ క్యారెక్టర్లకు మార్చాలంటే ఏ ఫంక్షన్ మేలు?

సీ భాషలో మల్టీబైట్ స్ట్రింగ్‌ని (ఒక్కో క్యారెక్టర్‌కి ఒకటో, అంతకంటే ఎక్కువో బైట్లు పట్టే టెక్స్ట్) వైడ్ క్యారెక్టర్లలోకి (అన్నీ ఒకే సైజులో ఉండే యూనిట్లు) మార్చడానికి ఏది వాడమంటారని చాలామంది అడుగుతున్నారు. అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి సీ89 (1989 నాటి సీ ప్రమాణం) నుంచీ ఉన్న ఎంబీఎస్‌టుడబ్ల్యూసీఎస్, రెండోది ఆ ప్రమాణానికి 1995లో చేసిన సవరణతో వచ్చిన ఎంబీఆర్‌టుడబ్ల్యూసీ. మొదటిది స్ట్రింగ్ మొత్తాన్నీ ఒకేసారి మారుస్తుంది, రెండోది ఒక్కో క్యారెక్టర్ చొప్పున. ప్రోగ్రామ్‌కి లొకేల్ (ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ అన్నది) చెప్పే సెట్‌లొకేల్ ఫంక్షన్‌ని పిలవడం మర్చిపోతే తెలుగు దగ్గర రెండూ చేతులెత్తేస్తాయి.

స్ట్రింగ్ పూర్తిగా చేతిలో ఉంటే పాతదాంతో హాయి. కమాండ్ లైన్ ఆర్గ్యుమెంటో, ఫైల్ పేరో అయితే ఒక్క లైనుతో పని అయిపోతుంది. "తెలుగు" అని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఇస్తే 18 బైట్లు తీసుకుని 6 వైడ్ క్యారెక్టర్లు ఇస్తుంది. (కంటికి కనిపించేవి మూడు అక్షరాలే. గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి వచ్చిన సంఖ్యను అక్షరాల సంఖ్య అనుకోకండి.) ఫలితం కోసం ఇచ్చిన బఫర్ సరిగ్గా నిండిపోతే మాత్రం చివర నల్ (స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా) పెట్టదు, అది మనమే చూసుకోవాలి.

నా దృష్టిలో తేల్చాల్సింది వేగమూ కాదు, లైన్ల సంఖ్యా కాదు. టెక్స్ట్ మీ దగ్గరికి ముక్కలుగా వస్తోందా లేదా అన్నదే. ఫైల్‌ని 4096 బైట్ల చొప్పున చదువుతున్నారనుకోండి. యూటీఎఫ్-8లో తెలుగు క్యారెక్టర్ ఒక్కొక్కటీ మూడు బైట్లు. మధ్యలో స్పేసులు లేవనుకుంటే 1365 క్యారెక్టర్లకు 4095 బైట్లు పోయి, ఒక్క బైట్ మిగులుతుంది. తర్వాతి క్యారెక్టర్ 'త' అయితే దాని బైట్లు ఈ0, బీ0, ఏ4. ఈ0 ఈ బఫర్‌లో, మిగతా రెండూ తర్వాతి దాంట్లో. స్పేసులు కలిస్తే లెక్క మారుతుంది గానీ, ఏదో ఒక బఫర్ చివర ఇలాంటి కోత పడక మానదు.

ఆ ముక్కకు చివర నల్ తగిలించి పాత ఫంక్షన్‌కి ఇస్తే -1 వస్తుంది. డేటా నిజంగా పాడైనా అదే -1. తేడా ఎక్కడొచ్చిందో కూడా చెప్పదు. ఎంబీఆర్‌టుడబ్ల్యూసీ అయితే ఆ ఈ0 దగ్గర -2 ఇస్తుంది. తప్పేం లేదు, ఇంకా బైట్లు కావాలి అని దానర్థం. తీసుకున్న బైట్‌ని మీరిచ్చిన ఎంబీస్టేట్‌లో (మార్పిడి ఎక్కడ ఆగిందో దాచే వేరియబుల్) గుర్తుంచుకుంటుంది. తర్వాతి బఫర్‌తో పిలిస్తే 'త' చేతికిచ్చి, 2 అని చెబుతుంది. 3 కాదు, ఎందుకంటే ఈ పిలుపులో తిన్నవి రెండే. పాయింటర్ అంతే జరపాలి.

దీనికీ చాకిరీ ఉంది. లూప్ మనమే రాయాలి. రిటర్న్ టైప్ సైన్ లేనిది, అంటే నెగటివ్ అంకెలు పట్టనిది కాబట్టి -1, -2 రెండూ పెద్ద అంకెల్లా కనిపిస్తాయి. "సున్నా కంటే తక్కువా" అని చూస్తే ఎప్పటికీ దొరకవు, -1, -2లను అదే టైప్‌లోకి క్యాస్ట్ చేసి (మార్చి) పోల్చాలి. ఎంబీస్టేట్‌ని మొదట సున్నా చేయాలి, ఒక్కో ఫైల్‌కి ఒక్కోటి ఉండాలి. అయినా సాకెట్, పైపు, పెద్ద ఫైల్ ఏదైనా సరే, నా ఓటు దీనికే.

ఇక మిగతావి. ఒక్కో క్యారెక్టర్‌నే మార్చే పాత ఎంబీటుడబ్ల్యూసీ జోలికి వెళ్లకండి, తెగిన క్యారెక్టర్‌కీ పాడైనదానికీ అదీ ఒకే -1 ఇస్తుంది. స్ట్రింగ్ మొత్తం ఉండి, తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే ఎంబీఎస్‌ఆర్‌టుడబ్ల్యూసీఎస్ బాగుంటుంది. లొకేల్‌తో సంబంధం లేని ఎన్‌కోడింగ్ అయితే, ఎన్‌కోడింగ్‌ల మధ్య మార్చే ఐకాన్వ్. విండోస్‌లో అందరూ వాడేది మల్టీబైట్‌టువైడ్‌చార్. అక్కడ వైడ్ క్యారెక్టర్ 16 బిట్లే కాబట్టి తెలుగు ఒక్కోదాంట్లో ఇమిడినా చాలా ఎమోజీలకు రెండేసి కావాలి. అది స్టేట్ కూడా తీసుకోదు. ముక్కలుగా చదువుతుంటే తెగిన బైట్లను తర్వాతి బఫర్ ముందు మీరే చేర్చుకోవాలి.