స్మోకీ కొండల్లో క్యాబిన్: పోపు వాసనకి 250 డాలర్లు

టెన్నెసీలో స్మోకీ కొండల నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్లి, అక్కడ అద్దెకి దిగిన క్యాబిన్ ఖాళీ చేసి ఇంటికొచ్చిన నాలుగో రోజు మా కార్డు మీద 250 డాలర్లు పడ్డాయి. ఏమిటా అని చూస్తే "వాసన తొలగింపు ఖర్చు" అట. వంట వాసన ఇల్లంతా పట్టేసిందట, తరవాత దిగేవాళ్ల కోసం మెషిన్ పెట్టి పోగొట్టాల్సొచ్చిందట. ఆ వాసన ఏమిటంటే, మా అత్తయ్య చారులో వేసిన ఇంగువ పోపు. వంటింట్లో నాలుగు బర్నర్ల పొయ్యి, పెద్ద ఫ్రిజ్, డజను గిన్నెలు పెట్టి, "మీ ఇంట్లోలాగే వండుకోండి" అని ప్రకటనలో రాసింది వాళ్లే. మా ఇంట్లో మేం పోపే పెట్టుకుంటాం మరి.

ఆ డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే నాకు మిగతాది రాయబుద్ధి కాదు. ఒప్పందం తీసి చదివితే వాసన జరిమానా సిగరెట్లకీ, పెంపుడు జంతువులకీ మాత్రమే ఉంది. వంట ఊసే లేదు. బయల్దేరే ముందు ప్రతి గదీ వీడియో తీసి పెట్టుకున్నాను. అప్పుడు మావారు "పెళ్లి వీడియో కూడా ఇంత శ్రద్ధగా తీయలేదు" అని నవ్వారు. ఆ వీడియో, ఒప్పందంలో ఆ పేజీ కలిపి పంపాను. మూడో ఈమెయిల్‌కి 175 వెనక్కిచ్చి, 75 మాత్రం "డీప్ క్లీనింగ్" కింద ఉంచుకున్నారు. ఆ 75 మీద కార్డు కంపెనీ దగ్గర ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది. అత్తయ్యకి ఈ గొడవేదీ చెప్పలేదు. చెబితే ఆవిడ ఇక్కడున్న ఆర్నెల్లూ పోపు మానేస్తారు, తిప్పలు పడేది మేమే.

అసలు లెక్క ఇదీ. ప్రకటనలో రాత్రికి 239 డాలర్లు. దానిమీద శుభ్రం చేసినందుకు 185, కంపెనీ రుసుము, ఏదన్నా పగిలితే అని ఇంకో 65, ఆపైన పన్నులు. అంతా కలిపి రోజుకి 380 చొప్పున తేలింది. 185 పుచ్చుకుని కూడా, వెళ్లేరోజు పొద్దున పదింటికల్లా దుప్పట్లు తీసి కుప్ప పోయాలి, డిష్‌వాషర్ వేయాలి, చెత్త సంచులు మోసుకెళ్లి ఎలుగుబంటి తెరవలేని ఇనప డబ్బాలో పడేయాలి. ఇవన్నీ ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో ఉన్నాయి. మావయ్యగారు ఆ కాగితం కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇంతకీ వాళ్లు శుభ్రం చేసేదేమిటమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

డబ్బు ఒకెత్తు. నా ఉద్దేశంలో ఆ ప్రకటనలో అంతకన్నా పెద్ద మోసం "అన్నిటికీ పది నిమిషాలు" అన్న మాట. క్యాబిన్ పీజన్ ఫోర్జ్ అనే ఊరికి తూర్పున కొండ మీద. ఊరి నడుమ వెళ్లే పెద్ద రోడ్డు, పార్క్‌వే దాకా పది నిమిషాలే, అబద్ధం కాదు. ఆ పది నిమిషాల్లో చివరి పావు మైలు కంకర రోడ్డు, మినీవ్యాన్ ముందు చక్రాలు గిర్రున తిరిగి జారేంత నిటారు. మావయ్యగారు దిగిపోయి, చేతులూపుతూ మావారికి దారి చూపించాల్సొచ్చింది. ఆర్టీసీలో ముప్ఫయ్యేళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి. ఆయన అలా ముందు నిలబడితే మావారికి లైసెన్స్ పరీక్ష రోజులు గుర్తొచ్చి మరీ వణికారు.

పార్క్‌వే ఎక్కాక అసలు కథ. పీజన్ ఫోర్జ్‌లో అడ్రసులన్నీ ట్రాఫిక్ లైట్ నంబర్లతోనే చెబుతారు, "మూడో లైట్ దగ్గర, ఎనిమిదో లైట్ దాటాక" అని. శనివారం తొమ్మిదిన్నరకి బయల్దేరిన మేం ఒక్కో లైటూ లెక్కపెట్టుకుంటూ, మూడో లైట్ దగ్గర వేర్స్ వ్యాలీ రోడ్డు మలుపు తిరిగేసరికి గంటా పది నిమిషాలు. పిల్లలు పార్కులోని లోయ కేడ్స్ కోవ్‌లో తినాల్సిన పులిహోర అక్కడే తినేశారు.

అందుకే నా మొదటి సలహా: ఏ చోట్లు చూడాలో ముందు తేల్చుకుని, క్యాబిన్ తరవాత వెతకండి. మీకు కేడ్స్ కోవ్, వాగులు, నడకలు కావాలంటే టౌన్‌సెండ్‌లోనో వేర్స్ వ్యాలీలోనో దిగండి. వేర్స్ వ్యాలీ నుంచి లయన్ స్ప్రింగ్స్ రోడ్డు పడితే మెట్‌కాఫ్ బాటమ్స్ పిక్నిక్ స్థలం దగ్గర నేరుగా పార్కులో తేలతారు, పార్క్‌వే మొహం చూడక్కర్లేదు. డాలీవుడ్ అనే వినోదాల పార్కు, ఆటలు, దీపాల తళుకు కావాలంటే పీజన్ ఫోర్జ్ సరే. రెండూ కావాలని మధ్యలో దిగితే మాలాగే లైట్లు లెక్కపెట్టుకుంటారు.

పార్కుకి ప్రవేశ రుసుము లేదు. పార్కు మధ్యనుంచి కొండెక్కి వెళ్లే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డుని టెన్నెసీ రాష్ట్రం 1951లో కేంద్రానికి అప్పగించినప్పుడు, దానిమీద టోల్ వసూలు చేయకూడదని షరతు పెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది. 2023 మార్చి నుంచి మాత్రం పావుగంట దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి: రోజుకి 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లు. అన్ని నేషనల్ పార్కులకీ పనికొచ్చే ఏడాది పాస్ మా దగ్గర ఉంది, ఇక్కడ దానికి విలువ లేదు. ట్యాగ్ ఫోన్‌లో చూపిస్తే కుదరదు, కాగితం కార్లో కనపడాలి. షుగర్‌లాండ్స్ విజిటర్ సెంటర్‌లో వారం ట్యాగ్ తీసుకున్నాం. ఈ ట్రిప్పు మొత్తంలో నేను సణుక్కోకుండా ఇచ్చిన డబ్బు ఆ 15 డాలర్లే.

కేడ్స్ కోవ్ సంగతి. పదకొండు మైళ్ల వన్‌వే చుట్టు. కొండల నడుమ పచ్చిక మైదానం, పాత చెక్క ఇళ్లు, చర్చిలు. ఉదయం పెందలాడే వెళ్తే రెండు గంటల పని. మేం పన్నెండింటికి లోపలికి వెళ్తే నాలుగు గంటలు పట్టింది. ఎక్కడో ఎలుగుబంటి కనపడుతుంది, ముందు కారు ఆగుతుంది, వెనక వంద కార్లు ఆగిపోతాయి. పార్కులో నల్ల ఎలుగులు దాదాపు 1,900 ఉన్నాయని అంచనా. వాటికి యాభై గజాల లోపుకి కావాలని వెళ్తే నేరం. అయినా ఒకాయన ఫోన్ చాచుకుని గడ్డిలోకి దిగి నడుస్తున్నాడు. మావయ్యగారు కిటికీలోంచి చూస్తూ, "వాడికి ఇంట్లో ఎవరూ లేరా?" అన్నారు. అత్తయ్య గోల వేరు, టాయిలెట్. చుట్టులో సగం దాకా వెళ్లి కేబుల్ మిల్ చేరితే గానీ అవి లేవు. పెద్దవాళ్లతో వెళ్తే ప్రవేశం దగ్గర, క్యాంప్‌గ్రౌండ్ వైపు వెళ్లొచ్చాకే చుట్టు మొదలుపెట్టండి. మరీ విసుగొస్తే స్పార్క్స్ లేన్, హయాట్ లేన్ అని రెండు అడ్డదారులున్నాయి, చుట్టుని మధ్యలో కోసేసి బయటపడొచ్చు.

మేం బయటపడకపోవడమే మంచిదైంది. కేబుల్ మిల్ 1860ల చివరి నాటి నీటి మర. పైనుంచి చెక్క కాలవలో నీళ్లొచ్చి పెద్ద చక్రం మీద పడతాయి, లోపల రాళ్లు తిరిగి మొక్కజొన్న పిండి అవుతుంది. అప్పటిదాకా మొహం ముడుచుకున్న అత్తయ్య లోపలికెళ్లి ఆ రాయి చూడగానే మనిషే మారిపోయారు. పక్కన విప్పి పెట్టిన పాత రాయి మీద గాడులు వేలితో తడిమి, "ఇవి అరిగిపోతే పిండి బరకగా వస్తుంది, మన వీధిలోకి గంట్లు కొట్టేవాడు వచ్చేవాడు, ఉలి పెట్టి కొట్టేవాడు, వీళ్లకెవరొస్తారో" అని పిల్లల్ని చెరోపక్కన నిలబెట్టుకుని పాఠం మొదలెట్టారు. మా పెద్దది తెలుగులో విని చిన్నవాడికి ఇంగ్లిష్‌లో చెప్పింది. అక్కడున్న పెద్దాయన, మర నడిపేవాడు, ఇదంతా చూసి చక్రం ఆపే పిడి అత్తయ్య చేతికిచ్చి తిప్పమన్నాడు. ఆవిడ తిప్పారు. ఒక సంచి పిండి కొన్నాం. అందులో నూక తీసి క్యాబిన్‌లో ఉప్మా చేస్తే ఘనంగా కుదిరింది. (దానికీ పోపు పెట్టాం.)

ఓపికుంటే బుధవారం వెళ్లండి. మే మొదటివారం నుంచి సెప్టెంబరు చివరిదాకా బుధవారాలు కేడ్స్ కోవ్ చుట్టులోకి కార్లని రానివ్వరు, సైకిళ్లూ నడకా మాత్రమే. పిల్లలతో బాగుంటుంది. మోకాళ్ల నొప్పులవాళ్లని మాత్రం ఆ రోజు క్యాబిన్‌లో వదిలేయాల్సిందే.

న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు మావయ్యగారి రోజు. షుగర్‌లాండ్స్ నుంచి పదమూడు మైళ్లు ఎక్కుడు, 5,046 అడుగుల దగ్గర టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దు. మొదట్లో "శ్రీశైలం ఘాట్ ముందు ఇదెంత" అన్నారు. దారిలో ఒకచోట రోడ్డు గుండ్రంగా తిరిగి తన మీదనుంచే తాను దాటుతుంది. అక్కడ మాత్రం కారు ఆపించి దిగి, కింద సొరంగంలాంటి దాన్నీ పైన వంతెననీ మార్చి మార్చి చూసి, "ఇది వేసినవాడు డ్రైవర్ కష్టం తెలిసినవాడు" అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆయన ఫిర్యాదల్లా ఒక్కటే, అన్ని మలుపుల్లో ఒక్కడూ హారన్ కొట్టడేమిటని. పైన రూజ్‌వెల్ట్ 1940లో ఈ పార్కుని అంకితం చేసిన రాతి వేదిక ఉంది. పిల్లలు సరిహద్దు గీతకి చెరోవైపు కాలేసి ఫొటో దిగారు, అంతే.

అక్కడినుంచి ఏడు మైళ్లు పక్కకి వెళ్తే కువోహి, 6,643 అడుగులు, పార్కులో అన్నిటికన్నా ఎత్తు. మొన్నటిదాకా క్లింగ్మన్స్ డోమ్ అనేవారు, 2024 సెప్టెంబరులో ఇక్కడి ఆదివాసులు చెరోకీల పాత పేరే తిరిగి పెట్టారు. పార్కింగ్ నుంచి, చుట్టూ చూడ్డానికి పైన కట్టిన గోపురం దాకా అరమైలే, పక్కా దారే, అని విని పెద్దవాళ్లని బయల్దేరదీయకండి. ఎక్కుడు గట్టిగా ఉంటుంది. అత్తయ్య రెండో బెంచీ దగ్గర శాలువా కప్పుకుని "మీరెళ్లి రండి" అని కూర్చుండిపోయారు. కింద ఎండలో చెమటలు పట్టిన జూన్‌లో పైన పిల్లలకి పళ్లు కొట్టుకున్నాయి. గోపురం ఎక్కితే నాలుగువైపులా తెల్లటి మబ్బు, ఒకళ్ల మొహం ఒకళ్లకి కనపడితే గొప్ప. మావారు మూడ్ పాడుచేసుకుని దిగేదాకా మాట్లాడలేదు. బయల్దేరే ముందు పార్కువాళ్ల వెబ్‌క్యామ్ చూస్తే మబ్బుందో లేదో తెలిసిపోతుంది. అదీ క్యాబిన్‌లో వైఫై ఉన్నప్పుడే చూసుకోవాలి, కొండమీద ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపులు కూడా ముందే దించుకోవాలి. పార్కు లోపల పెట్రోలు బంకులూ లేవు.

జలపాతాల్లో అందరూ చెప్పే లారెల్ ఫాల్స్ దారిని 2025 జనవరిలో మరమ్మతులకి మూసేశారు, మేం వెళ్లేటప్పటికి తెరవలేదు. దాని బదులు షుగర్‌లాండ్స్ వెనకనుంచే చదునైన చిన్న దారిలో క్యాటరాక్ట్ ఫాల్స్ చూశాం. పెద్ద గొప్పదేం కాదు, కానీ అత్తయ్య తన కాళ్లతో నడిచి చూసిన జలపాతం అదొక్కటే. ఆవిడ లెక్కలో నయాగరా కన్నా అదే నయం.

పార్కు వాకిట్లో ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊళ్లో ఒక సాయంత్రం, పార్కింగ్ 20 డాలర్లు, మళ్లీ వెళ్లను. ఊరంతా తిప్పే ట్రాలీ బస్సు ఉచితం, కారు ఊరి బయట వదిలేసి అది ఎక్కండి.

తిండి విషయం. ఆ చుట్టుపక్కల పాన్‌కేకుల హోటళ్లు వీధికి నాలుగున్నాయి, కానీ వాటిలో గుడ్డు ఉంటుంది, అత్తయ్య ముట్టరు. మన సరుకులు ఇక్కడినుంచే మోసుకెళ్లాం: బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి, చిన్న కుక్కర్. బయటి తిండిలో అందరూ ఎగబడి తిన్నది ఒక్కటే. అట్లాంటా పక్కన మేముండే కమ్మింగ్ నుంచి 441 హైవే మీదుగా వెళ్లేటప్పుడు, క్లేటన్ దాటాక, రోడ్డు పక్కన ఒక గుడారం కింద పెద్ద డేగిసాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. పెద్ద కప్పు 6 డాలర్లు. ఉప్పు లోపలి గింజదాకా పట్టి, కాయ నొక్కితే నీళ్లు చిమ్ముతున్నాయి. అమెరికా వచ్చి రెండు నెలలైనా దేన్నీ మెచ్చుకోని మావయ్యగారు కారు డోరు తెరిచిపెట్టి, కాళ్లు బయటకి వేలాడేసుకుని కప్పు మొత్తం ఖాళీచేశారు. ఇంకో రెండు కొన్నాం. అట్లాంటా నుంచి వెళ్లేవాళ్లు హైవే 75 పట్టుకోకుండా ఈ దారినే వెళ్లండి, చెరోకీ అనే ఊరి మీదుగా కొండెక్కి అవతల దిగొచ్చు, దారే ఒక యాత్ర అవుతుంది. సాయంత్రమైతే ఒకొనలఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పచ్చికలో ఎల్క్‌లు, అంటే పెద్ద జాతి జింకలు, మేస్తూ కనపడతాయి. ఈ కొండల్లో పూర్తిగా కనుమరుగైపోయినవాటిని 2001లో తెచ్చి మళ్లీ వదిలారు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఆకులు రంగు మారతాయని అందరూ అక్టోబరు అంటారు. ఆకులతోపాటు బంపర్లూ చూస్తారు, పార్క్‌వే జూన్‌లోనే అలా ఉంటే అక్టోబరు శనివారం నేను ఊహించుకోను. కువోహి రోడ్డు డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా మూసే ఉంటుంది. అడవి పూలు కావాలంటే ఏప్రిల్, కేడ్స్ కోవ్‌లో కార్లు లేని బుధవారం కావాలంటే మే. స్కూళ్లు మూసేదాకా ఆగాల్సిందే అనేవాళ్లు జూన్‌లోనే వెళ్లండి, కానీ ఆదివారం దిగి గురువారం తిరిగి వచ్చేయండి.