నాలుగేళ్లుగా నామజాకే: మా ఫ్రిజ్‌లో దానికో అర

టోక్యో నిషికసాయ్‌కి వచ్చిన కొత్తలో, బియ్యంతో చేసే జపాన్ మద్యం సాకే అంటే వేడి చేసి చిన్న గిన్నెల్లో పోసేదే అనుకునేవాణ్ణి. ఓ డిసెంబరులో మా వీధి చివరి షాపు పెద్దాయన ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి గుక్కెడు రుచి చూపించాడు. అరటిపండు వాసన, నాలుక చివర చురుకు. అదే నామజాకే. మామూలు సాకేని 60–65 డిగ్రీల దాకా రెండుసార్లు వేడి చేస్తారు: పులిసిన బియ్యాన్ని పిండి వడకట్టాక ఒకసారి, సీసాలో నింపేటప్పుడు ఇంకోసారి. దీనికి ఆ రెండూ ఉండవు. ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి రుచి మారుతూ ఉంటుంది. పొద్దున దించిన కల్లుకీ మధ్యాహ్నం కల్లుకీ తేడా తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ గంటలు కాదు, వారాలు.

చలికాలంలో వచ్చే కొత్త సాకే షిబోరితాతే. అప్పుడు సాకే తయారుచేసేవాళ్ల గుమ్మాలకి సుగి (జపాన్ దేవదారు) ఆకుల పచ్చటి గుండ్రటి బంతి కడతారు. అందరూ దీన్ని తెగ మెచ్చుకుంటారు గానీ, మూత తీసిన మొదటి రోజు నాకు కాస్త కరుకుగా తగులుతుంది. మూత పెట్టి మూడు రోజులాగితే మెత్తబడుతుంది. నా ఓటు మాత్రం వసంతంలో వచ్చే ఉసునిగోరికే. పలచటి గంజిలా మసకగా, కొన్నిట్లో సన్నటి గ్యాస్‌తో ఉంటుంది. మొదటిసారి మూత ఒక్కసారిగా తిప్పేశాను, పావు సీసా సింకు పాలైంది. వేసవివి తేలిక, అంతే. శరదృతువులో వచ్చే హియాఒరోషిని ఒకసారి వేడి చేసి వేసవంతా నిలవ ఉంచుతారు, కాబట్టి అది పూర్తి పచ్చిది కాదు. అయినా కాల్చిన చేపతో దాన్ని మించింది లేదు.

నా తప్పూ చెప్పాలి. ఒక జులైలో ఫ్రిజ్ నిండిపోయిందని తెరవని సీసాని వంటింటి గూట్లో పెట్టి మర్చిపోయాను. రెండు వారాలకి రంగు మారింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత జున్ను కంపు. అయిదు డిగ్రీలకి మించనివ్వకూడదని సీసా మీదే ఉంది, చదవలేదు. అప్పట్నుంచి 1.8 లీటర్లది కొనడం మానేశాను. 720 మిల్లీలీటర్లది, తెరిచాక వారంలో పూర్తి.

మొదటిసారి తాగేవాళ్లకి కికుసుయి అనే సాకే కంపెనీ వాళ్ల ఫునగుచి డబ్బా చాలు. 1972 నుంచీ వస్తోంది, 200 మిల్లీలీటర్లు, అల్యూమినియం కాబట్టి వెలుతురు తగలదు. 19 శాతం ఆల్కహాలు, నెమ్మదిగా తాగండి.

నంజుకోవడానికి? ఆవకాయ పక్కన పెడితే సాకే నీళ్లే. చేగోడీలు మాత్రం భలే కుదిరాయి.

మా ఆవిడ ఫిర్యాదు ఒక్కటే: ఆ అర ఇడ్లీ పిండిది. ఈ డిసెంబరులో అరని సగం సగం పంచుకున్నాం, గిన్నె పక్కనే సీసా.