అంతరిక్షం కిట్లు: మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఏవి పనికొస్తాయి, ఏవి రావు

బొమ్మల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ‘మూడేళ్లు పైబడినవారికి’ అని అమ్మే అంతరిక్షం కిట్లలో, ఏ కంపెనీదైనా, సరుకు ఇంచుమించు ఒకటే. థర్మోకోల్ బంతులు, పోస్టర్ రంగులు, వెదురు పుల్లలు, బెలూన్లు, స్ట్రాలు, ఒక పొట్లం ఇసుక, రెండు మూడు గోళీలు, చంద్రకళల అట్టలు, చీకట్లో మెరిసే చుక్కలు. పెట్టె మీద వేసేది సౌర కుటుంబం బొమ్మ. లోపల అసలు విలువైనవి మాత్రం ఆ గోళీలు, ఒక తెల్ల బంతి.

ముందు గోళీల సంగతి. చందమామ మీద గుంటలు ఎలా వచ్చాయో నాలుగేళ్ల పిల్లకి గోళీ వదిలి చూపించినంత తేలిగ్గా మాటలతో చెప్పలేం. కానీ కిట్‌లో ఇచ్చే ముద్దకట్టే ఇసుక ఈ పనికి రాదు. దానికి సిలికోన్ నూనె పట్టించి ఉంటుంది, అందుకే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని చిమ్మకుండా ఉండిపోతాయి. పైగా పొట్లమంతా పోసినా పళ్లెంలో పలచగా పరుచుకుంటుంది, గోళీ అడుగు తగిలి ఎగురుతుంది. మైదా వాడండి. 30×40 సెం.మీ. ట్రేలో 3 సెం.మీ. మందం రావాలంటే సుమారు 2 కిలోలు పడుతుంది, పాతబడిన పిండైనా ఫరవాలేదు. పైన రాగిపిండిని జల్లెడతో పలచగా చల్లాలి. గోళీని ముందు మోకాలి ఎత్తు నుంచి, తర్వాత భుజం ఎత్తు నుంచి వదలమనాలి. అడుగున ఉన్న తెల్లపిండి రాగిపిండి మీద చారలుగా చిమ్ముతుంది. పౌర్ణమినాడు బైనాక్యులర్‌తో చూస్తే చంద్రుడి మీద టైకో అనే గుంట చుట్టూ కనిపించే తెల్ల చారలు ఇలా ఏర్పడ్డవే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక విడత అయ్యాక ట్రేని కుదిపి చదును చేస్తారు. దాంతో పిండి గట్టిపడి రెండోసారి గుంట సరిగా పడదు. ఫోర్కుతో గుల్ల చేసి, స్కేలుతో మెల్లగా చదును చేసి, మళ్లీ రాగిపిండి చల్లాలి.

తెల్ల బంతితో చంద్రకళలు చూపించొచ్చు. కొన్ని కిట్ల అట్టల మీద ‘భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడు’ అని అచ్చు వేస్తారు. అది తప్పు, ఆ అట్ట తీసి పారేయండి. భూమి నీడ పడేది చంద్రగ్రహణం రోజునే. గది చీకటి చేసి, డూమ్ లేని ఒక్క బల్బు వెలిగించండి. టార్చి వెలుగు సన్నం, పిల్ల తిరిగేసరికి బంతి వెలుగు దాటిపోతుంది. బంతిని పుల్లకి గుచ్చి, చెయ్యి చాచి పట్టుకుని, ఎడమవైపుకి మెల్లగా తిరగమనాలి. బల్బుకి ఎదురుగా ఉన్నప్పుడు అమావాస్య, తర్వాత కుడి అంచున నెలవంక, బల్బు వీపు వెనక్కి వచ్చేసరికి పౌర్ణమి. బంతి తల కన్నా కాస్త పైన ఉండాలి. లేకపోతే పౌర్ణమి రావాల్సిన చోట పిల్ల తల నీడ పడి గ్రహణం వస్తుంది! ఈ వయసులో కారణం అడగొద్దు, ఆకారం మారడం చూస్తే చాలు.

వేలాడదీసే సౌర కుటుంబం మాకు నచ్చలేదు. భూమీ గురుగ్రహమూ దాదాపు ఒకే సైజు బంతులు. నిజానికి గురుడి వ్యాసం భూమికి 11 రెట్లు, సూర్యుడిది 109 రెట్లు. వంటింట్లోంచి 2 మి.మీ. ఆవగింజ ఒకటి తెచ్చి భూమి అనుకుంటే, గురుడు ఓ రాచ ఉసిరికాయ, సూర్యుడు ఫుట్‌బాల్. ఆవగింజని ఫుట్‌బాల్‌కి 23 మీటర్ల దూరంలో పెట్టాలి. పిల్లలు అంత దూరం అడుగులు లెక్కపెడుతూ నడవడం రంగులు పూయడం కన్నా మంచి పాఠం. రంగులే వేయిస్తామంటే పోస్టర్ రంగులో కాస్త ఫెవికాల్ కలపండి, పెచ్చులూడదు. స్ప్రే పెయింటు థర్మోకోల్‌ని కరిగించేస్తుంది.

దారానికి ఎక్కించిన స్ట్రాకి ఊదిన బెలూన్ అంటించి వదిలే బెలూన్ రాకెట్ బాగుంటుంది, దారం ఒక్కటి మార్చాలి. కిట్‌లోని నూలు దారం స్ట్రాని పట్టేస్తుంది. 3 మీటర్ల నైలాన్ దారం రెండు కుర్చీల మధ్య బిగుతుగా కట్టండి.

చంద్రయాన్-3 దిగిన ఆగస్టు 23ని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు కనుక బళ్లు ఎక్కువగా ఆ నెలలోనే ఇవి కొంటాయి. అది వానాకాలం. రంగు ఆరడానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

కొనేముందు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. మన దేశంలో బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉన్న ఇంట్లో గోళీలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. లైటు బొమ్మ ఉంటే బటన్ బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

మెరిసే చుక్కలకి పది నిమిషాలు బల్బు వెలుగు చూపిస్తే కాసేపు మెరుస్తాయి. వాటిని ఇష్టం వచ్చినట్టు అంటించకుండా సప్తర్షుల ఆకారంలోనో, గుత్తిగా పిల్లలకోడిలానో (కృత్తికా నక్షత్రాలు) అంటించండి. కార్తీకంలో రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కితే, పిల్లలకోడిని వాళ్లే వెతికి చూపిస్తారు.