ఫిల్టర్ చాంబర్‌తో నాలుగు వానాకాలాలు

భీమవరం దగ్గర మా రొయ్యల మేత ఫ్యాక్టరీలో ఈ ఫిల్టర్ చాంబర్, అంటే బ్లోయర్‌లోకి పోయే గాలిని గుడ్డ సంచులతో వడకట్టే రేకు పెట్టె, బిగించి నాలుగేళ్లు దాటింది. సోయా, చేపల పొడి, గోధుమ పిండి కలిపి మెత్తగా మర పట్టాక, ఆ పిండిని వాక్యూమ్ గొట్టంలో పైఅంతస్తు తొట్టికి లాగుతాం. ఆ గాలిని లాగే యంత్రమే బ్లోయర్. తొట్టి మీద ఒక వడపోత ఉండనే ఉంది, బ్లోయర్‌కు ముందు మరొకటి దేనికని మొదట్లో మా యజమాని అడిగారు. ఒకరోజు తొట్టి మీది సంచి చిరిగి, పిండి నేరుగా బ్లోయర్‌లోకి పోయింది. లోపల తిరిగే రోటర్లకూ గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగమే కాబట్టి గీతలు పడ్డాయి, లాగే బలం తగ్గిపోయింది. ఆ మరుసటి నెలలోనే చాంబర్ వచ్చింది.

వడపోతలో దీనికి వంక పెట్టలేను. పొరపాటు మేము బిగించిన చోటులో జరిగింది. స్థలం కలిసొస్తుందని గోడకు ఆనించాం. తలుపు సగమే తెరుచుకునేది. సంచుల లోపలి తీగ పంజరాలను పైకి లాగడానికి ఎత్తు చాలదు. సంచులు మార్చాలంటే ఇద్దరు మనుషులకు పూట గడిచిపోయేది. రెండో ఏడు చాంబర్‌ను నడవ వైపు జరిపి, పంజరం పొడవు కంటే ఎక్కువ ఖాళీ పైన ఉండేలా చూశాం. ఇప్పుడు అదే పని గంటలో ముగుస్తుంది. కొత్తగా బిగించేవారు పైపుల లెక్క కంటే ముందు ఈ ఖాళీ కొలవండి.

ఇక ముసురు రోజులు. రాత్రి ప్లాంటు ఆపగానే చాంబర్ రేకు చల్లబడి, లోపలి తేమ నీరవుతుంది. సంచికి అంటిన పిండి చేపనూనె జిడ్డుతో కలిసి తెల్లవారేసరికి అట్టకట్టేది. సంచులను దులపడానికి కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఎంత కొట్టినా రాలేది కాదు. ఆ గాలే సంచులను తడుపుతోందని చాలా ఆలస్యంగా తెలిసింది: కంప్రెసర్ ట్యాంకులో నీరు నిలిచి ఉంది. ఇప్పుడు ప్రతి షిఫ్టులో ఆ నీరు వదులుతాం. పిండి ఆపాక పది నిమిషాలు వట్టి గాలి లాగించి, బ్లోయర్ ఆపి, అప్పుడు సంచులు దులుపుతాం. మూడో వానాకాలం నుంచి అట్ట కట్టలేదు.

కొత్త సంచులు వేసిన రోజే సంచులకు ముందూ వెనకా గాలి పీడనంలో తేడా చూపే గేజ్ అంకెను తలుపు మీద రాసి పెట్టాం. అది రెట్టింపు దాటితే తెరిచి చూస్తాం. తలుపు అంచున గాలి చొరకుండా ఉండే పట్టీ (గ్యాస్కెట్) వదులైనా బయటికి దుమ్ము రాదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కంటికి తెలియదు. కొందరు ఈ లీకును అగరుబత్తి పొగతో చూస్తారు. పిండి ధూళి అంటుకుంటే పేలుతుంది, దయచేసి ఆ పని చేయకండి. సన్నని కాగితం ముక్కను అంచు వెంట నడిపితే లీకు ఉన్నచోట అతుక్కుంటుంది. ఆ పేలుడు భయంతోనే సంచులు స్థిరవిద్యుత్తును వదిలే రకానివి తీసుకున్నాం, చాంబర్‌కు ఎర్తింగ్ వేయించాం.

తయారీదారు ఇచ్చిన తలుపు బోల్టులు మాత్రం చెరువుల ఉప్పుగాలికి ఏడాదిలోనే తుప్పు పట్టాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి మేమే వేసుకున్నాం.